టేపు గారూ, మీ తప్పేం లేదు

మహారాజశ్రీ కొలతల టేపు గారి సముఖమునకు,

ఆలస్యంగానైనా తమరికి క్షమాపణ చెప్పుకుందామని ఈ ఉత్తరం.

పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో, నల్లటి లావా రాళ్ల మీద సముద్రపు ఇగ్వానా అనే పెద్ద బల్లిని అదిమిపట్టి, ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా మిమ్మల్ని పరిస్తే, పోయినసారి కంటే తక్కువ చూపించారు. ఎదిగిన జంతువు కురచవడమేమిటి? కొలతలోనే తప్పుందన్నారు. పాపం, మీరు నోరు మెదపలేదు.

2000లో వికెల్‌స్కీ, థామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాశాక గానీ మీ పరువు నిలబడలేదు. రెండేళ్లలో 6.8 సెంటీమీటర్ల దాకా, అంటే ఒంటి పొడవులో ఐదో వంతు దాకా తగ్గిపోయాయట! పస్తులుంటే ఎవరైనా చిక్కుతారు, పొట్టివాళ్లయిపోరు కదా. ఎముక కూడా కరిగి ఉండాలని వాళ్ల లెక్క.

ఇదంతా ఎల్‌నినో, అంటే కొన్నేళ్లకోసారి పసిఫిక్ సముద్రపు పైనీళ్లు వేడెక్కడం, చేసిన పని. అది వచ్చినప్పుడు అడుగునుంచి పైకి రావలసిన చల్లటి నీళ్లు సరిగా రావు. ఇగ్వానాలు తినే ఎరుపు, ఆకుపచ్చ నాచు మాడిపోయి, గోధుమరంగు నాచు పరుచుకుంటుంది. అది వాటికి అరగదు. పొట్ట నిండుగానే ఉంటుంది, ఒంటికి మాత్రం పట్టదు. ముందుగా పోయేది భారీకాయులే. చిన్న ఒంటికి కాస్త మేత చాలు. అందుకే ఎంత ఎక్కువ కుదించుకుంటే అంత ఎక్కువ కాలం బతికాయి.

మా దగ్గర మీ ఉద్యోగం వేరు. పిల్లాడు ఎంత ఎదిగాడు, స్థలం ఎంత కలిసొచ్చింది... పెరిగిన కబురే మోసుకురావాలి. ఒక్క నడుము దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టి మిమ్మల్ని మోసం చేస్తాం. (ఈ విషయంలో కూడా క్షమాపణే.)

మేత తిరిగొస్తే ఆ బల్లులు మళ్లీ పొడుగవుతాయి. ఇది విన్నప్పటి నుంచి మావాళ్లకు భలే ధీమా: ‘ఫరవాలేదు, అవే సర్దుకుంటాయి!’ సర్దుకోవడానికి మధ్యలో నాలుగు మంచి ఏళ్లు ఉండాలి కదండీ. ఎల్‌నినో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ మా పొగకు ఇప్పుడు సముద్రమే వేడెక్కుతోంది. వాటి వెన్నెముక కుదించుకుంది గానీ, మేము మా పొగగొట్టాన్ని ఒక్క అంగుళం కుదించుకోలేదు.

చివరగా ఒక మనవి. ఈ ఇగ్వానాలు ఒంట్లో చేరిన ఉప్పును ముక్కులోంచి చీదేస్తాయి. మీ మీద పడితే వెంటనే తుడిపించుకోండి. అంకెలు చెరిగాయంటే, మళ్లీ మీదే తప్పంటాం.

ఇట్లు,
ఊపిరి బిగబట్టిన ఒక నడుము