కీమోకు ముందు శరీరాన్ని కూడా సిద్ధం చేసుకోవాలి

తొలిదశలోనే రొమ్ము క్యాన్సర్ బయటపడినవారు కీమోథెరపీకి మనసును ఎలా సిద్ధం చేసుకోవాలో నేను చదివిన ఒక వ్యాసంలో చక్కగా చెప్పారు గానీ, శరీరం సంగతి రెండు మాటలతో సరిపెట్టారు. అనంతపురంలో మా అక్కకు చికిత్స మొదలయ్యే ముందు రక్తపరీక్షలు, గుండె పనితీరు చూసే ఎకో స్కాన్ చేయించడంతో పాటు, పుచ్చిన పన్ను కూడా చూపించుకోమన్నారు. కీమో మందు ఎక్కించాక, ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు తగ్గి, పంటి దగ్గరి చిన్న చీము కూడా ఒళ్ళంతా పాకే ప్రమాదం ఉంటుంది కనుక ఆ సలహా ఎంతో విలువైనది. సాధారణంగా ఒక్కో విడత తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య ఆ కణాలు బాగా పడిపోతాయి. అందుకే ఇంట్లో థర్మామీటరు తప్పక ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, అర్ధరాత్రయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. మా సీమ పల్లెల్లో ఆ వేళకు బండి దొరకడమే కష్టం కాబట్టి, ఎవరి ఆటోలో వెళ్ళాలో ముందే మాట్లాడిపెట్టుకోవడం మేలు. అక్క ఆ నంబరును వంటింటి క్యాలెండరు మీద పెద్దగా రాయించింది. పరామర్శకు వచ్చే బంధువుల్లో జలుబు, దగ్గు ఉన్నవారిని గడప దగ్గరే ఆపడం మర్యాద తప్పినట్టు కానే కాదు. ఇక నాటుమందులు, కషాయాలు వాడుతున్నవారు ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే వాటిలో కొన్ని కీమో మందులతో పొసగవు.