రాజావారి దివాణంలో నా ఉద్యోగం

మద్రాసు రాష్ట్రంలో 1948లో వచ్చిన చట్టంతో జమీందారీలు రద్దయ్యాయని చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో చదువుకున్నాను. ఆ మాటను ఇప్పుడు పూర్తిగా నమ్మలేకపోతున్నాను. గత ఆరేళ్లుగా విజయవాడలో మా అపార్ట్‌మెంటు కింద ఒక రాజావారు విడిది చేసి ఉన్నారు. వారికి దివానును, ఖజానాదారును, బండి కదలనప్పుడు వెనకనుంచి తోసే బోయీని కూడా నేనే. రాజావారంటే మనిషి కాదు, 2005లో జన్మించిన ఒక జర్మన్ లగ్జరీ సెడాన్. పొడవు ఐదు మీటర్ల పైచిలుకు, ఇంజనులో ఆరు సిలిండర్లు, వాటికి పన్నెండు స్పార్క్ ప్లగ్గులు. సిలిండరుకు ఒక ప్లగ్గు చాలదా అని అడగడం సామాన్యుల లక్షణం. వంశనామం బయటపెట్టడం సేవకధర్మానికి విరుద్ధం కనుక అది మాత్రం నన్నడగకండి.

వారు ఇక్కడికి వేంచేసిన వైనం చెప్పాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వులను 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించడంతో, అక్కడి సంపన్నుల గృహాల్లో వెలిగిన రాజావార్లు అనేకులు గడువుకు ముందే రాజ్యభ్రష్టులై దక్షిణాపథం పట్టారు. కొత్తలో అరకోటి దాటిన ఆ మహానుభావుణ్ణి నేను ఒక కొత్త చిన్నకారు ధరకే సంపాదించాను. ఇంత బతుకూ బతికి ఇంత చవకగా ఎందుకు వస్తున్నారని ఒక్క క్షణమైనా ఆలోచించి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. రాజావారి వెల పదోవంతుకు పడిపోయింది గాని వారి పాదరక్షల వెల పడిపోలేదు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న పెద్దలు దాని మేత లెక్క చెప్పకుండా దాటవేశారు.

ఆ మేతలో సింహభాగం గాలి. ఉక్కు స్ప్రింగుల మీద ఆసీనులు కావడం తమ అంతస్తుకు తగదు కనుక రాజావారికి నాలుగు చక్రాల దగ్గరా గాలి నింపిన రబ్బరు తిత్తులు ఉంటాయి. ఆ తిత్తులకు గాలి కొట్టే ఒక చిన్న కంప్రెసరు, ఏ మూలకు ఎంత పంపాలో పంచిపెట్టే వాల్వులు, కారు ఎత్తును కొలిచి విన్నవించే సెన్సర్లు కలిసి పనిచేస్తున్నంతకాలం ఆ ప్రయాణ సుఖం వర్ణనాతీతం. బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ దాకా ఉన్న గతుకులన్నీ పక్క ఊరివేమో అనిపిస్తాయి. అయితే రబ్బరుకు ముసలితనం తిరిగిన కిలోమీటర్లను బట్టే కాదు, గడిచిన ఏళ్లను బట్టి కూడా వస్తుంది. మడత పడే చోట సన్నని పగుళ్లు పుట్టి, రాత్రంతా వాటిగుండా గాలి జారిపోయి, తెల్లవారేసరికి కారు ఒక మూల నేలకు ఒరిగి, ముందుకాలు ముడుచుకున్న ఏనుగులా కనిపిస్తుంది. ఇంజను వేయగానే కంప్రెసరు గసపెడుతూ పైకి లేపుతుంది. పోతున్న గాలికి బదులు గాలి నింపి నింపి, విరామం లేక వేడెక్కి, చివరకు అది కూడా మాడిపోతుంది. రబ్బరు చేసిన నేరానికి ఇనుము శిక్ష అనుభవిస్తుంది, జరిమానా నేను కడతాను. ముందు రెండు తిత్తులకూ, కొత్త కంప్రెసరుకూ కలిపి ఈ మధ్యనే రెండు లక్షల ముప్ఫై వేలు సమర్పించుకున్నాను.

ఇటువంటి వాహనం కొనదలచినవారికి అనుభవం మీద ఒక సూత్రం చెబుతాను: బేరం సాయంత్రం కుదిరినా బయానా మరునాటి ఉదయమే ఇవ్వండి. రాత్రి నిలిపిన చోటనే, ఇంజను వేయకముందే, నాలుగు చక్రాలకూ పైన ఉన్న సందును వేళ్లతో కొలవండి. నేను సాయంత్రమే ఇచ్చేశాను.

రాజావారి ఆస్థాన వ్యవహారాలు కూడా చిత్రంగా ఉంటాయి. పాటల పెట్టె, ఫోను, దారి చూపే తెర వంటివన్నీ ఒకే ఆప్టికల్ ఫైబరు వలయంలో గుండ్రంగా కూర్చుని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నట్టు మాట్లాడుకుంటాయి. ఎవరైనా ఒక్కరు అలిగితే వలయం తెగి సభ యావత్తూ మౌనవ్రతం పాటిస్తుంది. ఒకనాడు డాష్‌బోర్డు మీద ‘విజిట్ వర్క్‌షాప్’ అనే ఫర్మానా వెలిగింది. ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకువెళ్తే, స్కానరు పెట్టిన మెకానిక్కు, ముప్ఫైరెండు ఎర్రర్లు వచ్చాయి సార్ అని పుత్రోదయ వార్త చెబుతున్నంత సంబరంగా ప్రకటించాడు. మూడు రోజులు సీట్లు విప్పారు, తివాచీలు లేపారు, తలుపుల అట్టలు ఊడదీశారు. ముప్ఫైరెండిట్లో ముప్ఫైయొకటికి కారణం నీరసించిన బ్యాటరీ. వోల్టేజీ తగ్గితే ఈ జాతి కార్లలోని కంప్యూటర్లు లేని రోగాలన్నీ ఏకరువు పెడతాయి కనుక ముందు బ్యాటరీని చూడాలని అప్పుడు తెలిసింది. మిగిలిన ఒక్కటి డిక్కీ మూలలో వైరు కొరికి కాపురం పెట్టిన ఎలుక. కొండను తవ్వి ఎలుకను పట్టడాన్ని సామెతగానే ఎరిగినవారు నా దగ్గరికి వస్తే రశీదు చూపిస్తాను.

ఇంత ఖర్చు దేనికని మా బంధువులు అడుగుతుంటారు. వారి కళ్లకు కనబడని ప్రజాహితం ఇందులో ఉంది. మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో 1978లో చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ బ్రేకులు, 1981లో ఎయిర్‌బ్యాగు వచ్చినప్పుడు అవి ప్రభువుల ముచ్చట్లు. నేడు మీ చిన్నకారులోనూ ఉన్నాయి. అంటే మీ ప్రాణరక్షణకు జరిగిన ప్రయోగాల ఖర్చును ఏనాడో ఏ సంపన్నుడో భరించాడు, ఆ ప్రయోగశాల మరమ్మతు ఖర్చును నేను భరిస్తున్నాను. ఏ ప్రభుత్వమూ దీన్ని దానధర్మాల కింద లెక్కించి ఆదాయపు పన్నులో రాయితీ ఇవ్వలేదు. పైగా కేంద్రం పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను కొనసాగించే రుసుమును 2022లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. పెట్రోలు సంగతి ఎత్తను. ట్యాంకు 88 లీటర్లు పడుతుందని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

ఈ విద్యలో నిజమైన గురువులు హైదరాబాదు నిజాములు. ఆరో నిజాం ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన మరణానంతరం ఏడో నిజాంకు చేరింది; ఆయన దాన్ని అరుదుగా తప్ప కదిలించనే లేదు. 1912 నాటి ఆ పసుపుపచ్చ కారు చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికీ నిగనిగలాడుతున్నది. లోకంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ ప్రభువే బయటికి తీయడానికి వెనకాడిన తరగతి వాహనాన్ని నేను నెలజీతం మీద రైతుబజారుకు తీసుకువెళ్తున్నాను.

కిందటి నెల మా ఆవిడ, ‘ఏమండీ, ఆయన్ని ఇక పంపించెయ్యకూడదూ? పక్క ఫ్లాట్ వాళ్ల బండికి కూడా దారి వదలరు, ముక్కంతా బయటే’ అంది. ఆరేళ్లలో ఆమె కూడా రాజావారిని ఏకవచనంలో అనలేకపోవడం గమనించి నాకు కళ్లు చెమర్చాయి. అయినా గృహశాంతి కోసం అమ్మకానికి పెట్టాను. గుంటూరు నుంచి ఒక కుర్రవాడు వచ్చి, వెనకసీటులో కూర్చుని, తలుపు దానంతటదే మెత్తగా బిగుసుకోవడం నాలుగుసార్లు చూసి, రెండు లక్షలకు ఒప్పుకున్నాడు. అతని ముఖంలో ఆరేళ్ల కిందటి నా ముఖం కనిపించి, అంతరాత్మ ఊరుకోక, బయానా గురించిన నా సూత్రం అతనికీ ఉపదేశించాను. సరేనండీ, పొద్దున్నే వస్తానన్నాడు.

అన్నట్టే ఆరింటికి వచ్చి, ఇంజను వేయనివ్వకుండా వంగి కొలిచాడు. రెండు లక్షల ముప్ఫై వేలు పోసిన ముందు మూలలు రెండూ తూచినట్టు సమంగా ఉన్నాయి. వెనక కుడి చక్రం మీద అతని చిటికెనవేలు కూడా దూరలేదు.