ఆగస్టు 29న దండ, 30న వెనక బెంచీ

ఏటా ఆగస్టు 29న మా పర్లాకిమిడి తెలుగువాళ్లం గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తాం. నేనూ వేస్తాను, నాలుగు మాటలు మాట్లాడతాను కూడా. ఈసారి దండ వేసి ఇంటికొచ్చాక మనసు బాగాలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపికుంటే చదవండి.

నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో సర్కారు బడి టీచర్ని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నా ముందు కూర్చునే గుంటల్లో, అంటే పిల్లల్లో, ఎక్కువమంది సవర గిరిజనులు. వాళ్ల ఇళ్లల్లో ఈ రెండూ లేవు.

చిన్నప్పుడు నేను చదివిన బడిలో ఒక సారు నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏ తెలెంగా" అనేవారు. "పాణి" అనాల్సిన చోట "నీళ్లు" అన్నానని క్లాసంతా నవ్వించారు. ఆ కథ ఎన్ని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నానో! మరి మొన్న జులైలో ఏమైందంటే, మా బడికి కొత్తగా వచ్చిన చెల్లి లాంటి టీచర్ని నా క్లాసులో వెనక కూర్చుని పాఠం చూడమన్నాను. పొగుడుతుందనే పిలిచాను, దాచడమెందుకు. నేనెవర్ని ఎలా పిలుస్తున్నానో తను కాగితం మీద గీతలు పెట్టుకుంటూ కూర్చుంది. 40 నిమిషాల్లో, 31 మందిలో, నేను పేరు పెట్టి పిలిచింది ఆరుగుర్ని. ఆరుగురూ ఒడియా బాగా వచ్చినవాళ్లే. ఒక గుంటణ్ణి "ఏయ్ సవరా" అన్నానట. అననేలేదని వాదించాను.

అన్నాను.

ఆ గుంటడికి లెక్కలు రావని నేనే తేల్చేశాను. ఒడియాలో పన్నెండు దాకా గడగడా చెప్పేవాడు. ఆ పైన "తేర" అనడు. "బార ఎక, బార దుయ్" అంటాడు. పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అని! ఒకరోజు పళ్లాలు అలాగే లెక్కపెడుతుంటే, మధ్యాహ్న భోజనం వండే అమ్మ గరిటెతోనే వచ్చి "మా లెక్క అంతే దిదీ" అంది. ఆవిడా సవరే. సవర భాషలో లెక్క పన్నెండు మీదా ఇరవై మీదా నడుస్తుంది. 93 అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. వాడు తన భాష లెక్కని ఒడియాలోకి తిప్పుకుని మరీ చెబుతుంటే నేను సున్నా వేశాను.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసి, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టిన మనిషి ఫొటోకే కదా నేను దండ వేస్తున్నది! ఒడిశా ఏర్పడిన 1936లోనే మంగేయి గొమాంగో సవర భాషకి సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. మాకు మాత్రం ఆ ఏడాది అంటే పర్లాకిమిడి ఒడిశాలో కలిసి తెలుగు నష్టపోయిన ఏడాదే. తెలుగు చదువు కోసం మేం పెట్టే అర్జీల్లో రాజ్యాంగం 350ఎ అధికరణం తప్పకుండా ఉంటుంది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు అని. అందులో తెలుగు అని ప్రత్యేకంగా ఎక్కడా లేదే.

ఇక ట్రైనింగులు. "అందరినీ కలుపుకుపోదాం" అని హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపిస్తారు. చివర్లో చెయ్యి చాపి ప్రతిజ్ఞ, గ్రూప్ ఫొటో, సమోసా. (సమోసా బాగుంటుంది, ఆ మాట చెప్పాలి.) ప్రతిజ్ఞ చేసినవాళ్లెవరూ అబద్ధమాడలేదు. మర్నాడు బడికెళ్తే ఐదు క్లాసులకి ఇద్దరం, పైగా ఆన్‌లైన్ ఎంట్రీలు, భోజనం ఫొటోలు. ఒడిశాలో సవరతో సహా పది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన 2006-07లోనే మొదలైంది, పుస్తకాలూ మంచివే. ఆ పుస్తకం పట్టుకుని నిలబడ్డ టీచరుకి సవర రాకపోతే ఏం చేయాలి? విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషలో "వీలైనంత వరకు" అంది. ఆ వీలు ఎవరు చూడాలో మాత్రం ఎవరూ చూడరు.

టీచర్ని తిడితే మారదు. నన్ను తిట్టి ఉంటే నేనూ మారేదాన్ని కాదు. నన్ను కదిపింది ఆ గీతల కాగితం, అదీ మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది కాబట్టి. అదే కాగితం బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసుకి వెళ్లుంటే ఇంకెవర్నీ క్లాసులోకి రానిచ్చేదాన్ని కాదు. మా బడులు చూసే క్లస్టర్ కోఆర్డినేటరు, సీఆర్‌సీసీ గారు వచ్చి రిజిస్టర్లు చూసి, మరుగుదొడ్డి ఫొటో తీసుకుని వెళ్లిపోయే బదులు, అరగంట వెనక కూర్చుని గీతలు పెట్టి, ఆ కాగితం నా చేతికే ఇచ్చి వెళ్లకూడదా? ఆ వంట అమ్మకి గరిటెతో పాటు క్లాసులోనూ ఓ గంట పని ఇచ్చి, దానికి జీతమివ్వకూడదా? ఇప్పుడైతే శనివారం గిన్నెలు కడిగాక ఊరికే వచ్చి చెప్పి వెళ్తోంది. అది నాకే బాగోలేదు.

అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్‌లొయ్. ఐదు దాకా వచ్చాను. ఆరు దగ్గర ఆగిపోతే గుంటలు పడీపడీ నవ్వుతారు, ఆ గుంటడే అందిస్తాడు. వచ్చే వారం మళ్లీ వెనక కూర్చుంటానంది మా చెల్లి టీచరు. గీతలు ఎన్నొస్తాయో, టెన్షన్‌గానే ఉంది.