మా మిద్దె మీది ఎండ, ఎగుమతికి సిద్ధం

తిరుపతిలో బైరాగిపట్టెడ పక్క ఒక సందులో వరసగా మూడిళ్ళు. మొదటిది మాది, నడిమిల్లు ఒక పెద్దమ్మది, చివరిది రిటైరైన లెక్కల సార్‌ది. పోయిన ఎండాకాలం ఈ మూడిళ్ళ మధ్య ఎంత పెద్ద విద్యుత్ దౌత్యం నడిచిందో ఢిల్లీకి తెలీదు, ఖాట్మండుకి అసలే తెలీదు, చరిత్రకి అన్యాయం జరక్కూడదని నేనే రాస్తున్నా.

సంగతేమంటే మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించా. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ స్కీము, 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అంటే ఎవరు మాత్రం ఆగుతారు. మంచి ఎండైతే రోజుకి 12 యూనిట్ల దాకా వస్తుంది, ఎండకి మన ఊర్లో కరువేముంది, కొండ మీద 2002లోనే సూర్యుడి వేడితో ఆవిరి పుట్టించి అన్నం వండినారు. మరి ఆ పన్నెండు యూనిట్లూ ఎప్పుడొస్తాయి? ఇంట్లో అందరూ బయటికి పోయి ఫ్రిజ్జు ఒక్కటే గుర్రుమంటా ఉన్నప్పుడు. మిగిలిందంతా మీటర్ గుండా బయటికి పోతుంది, బిల్లులో తగ్గుతుంది, బుద్ధున్న మనిషైతే అక్కడితో ఊరుకుంటాడు. నేను ఊరుకోలేదు. బిల్లులో తగ్గడం ఏం మర్యాదండీ, అంగట్లో చిల్లర వెనక్కిచ్చినట్టు. ఎగుమతి అంటే దాని దర్జా వేరు.

ఆ పిచ్చి నాకు నేపాల్‌ని చూసి పట్టింది. వానాకాలం నదులు పొంగితే వాళ్ళకి కరెంటు మిగులు, చలికాలం నీళ్ళు తగ్గితే మళ్ళీ మన దగ్గరే కొనుక్కుంటారు. 2024 జనవరిలో పదేళ్ళలో 10,000 మెగావాట్లు అని మనతో ఒప్పందం రాసుకున్నారు. అది చాలదని బంగ్లాదేశ్‌కి కూడా 40 మెగావాట్లు, ఏటా జూన్ 15 నుంచి నవంబర్ 15 దాకా, యూనిట్ 6.4 అమెరికా సెంట్లు. కానీ నేపాల్‌కీ బంగ్లాదేశ్‌కీ ఎక్కడా హద్దు కలవదు, నడిమధ్యలో మనం ఉన్నాం, మన గడప తొక్కకుండా ఆ కరెంటు అవతలికి పోదు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే సరిగ్గా మా సందు మ్యాపు ఇదే. మేం నేపాల్, సార్ బంగ్లాదేశ్, నడిమింటి పెద్దమ్మ ఇండియా.

మొదట మా ఆవిడకి చెప్పా. మన మీటర్ నుంచి పక్కింటికి వైరు లాగి అమ్మితే కేసు పెడతారండీ అంది. గొప్ప ఆలోచన దేనికైనా మొదట్లో రెగ్యులేటరీ ఇబ్బందులుంటాయి అని నోట్‌బుక్కులో రాసుకుని త్రైపాక్షిక చర్చలకి బయల్దేరా.

పెద్దమ్మ కాఫీ ఇచ్చింది, కూర్చోబెట్టింది, అంతా విన్నాది. "మా గోడ మింద వైరు పోతే నాకేమొస్తాది నాయనా?" అనింది. ట్రాన్సిట్ ఛార్జీ ఇస్తా పెద్దమ్మా అన్నా. సరేననింది. అంతటితో లేచి రావాల్సింది, నేను ఇంకో గుక్క కాఫీ కోసం ఆగినా.

"ఆ పలకలు యాడ కొన్న్యావ్?"

కొర్లగుంటలో ఫలానా అంగట్లో అని చెప్పా. అయిపోయింది. ఆ అంగడాయనకీ పెద్దమ్మకీ ఎనిమిదేళ్ళ కిందట చీటీ డబ్బుల దగ్గర మాటా మాటా వచ్చిందంట, అప్పట్నుంచి వాళ్ళ వీధిలో కూడా నడవదంట. "వాని పలకల్లో పుట్టిన కరెంటు మా గోడ దాటేదానికి ల్యా" అనింది. కరెంటుకి ఎవరి పలకో ఏం తెలుసు పెద్దమ్మా అంటే, "నాకు తెలుసు గదా" అనింది. దీనికి ఏ ఇంజనీరూ జవాబు చెప్పలేడు.

మీరు నవ్వుతారు గానీ, నేపాల్లో చైనా పెట్టుబడో చైనా కాంట్రాక్టరో ఉన్న ప్రాజెక్టు కరెంటైతే మన దేశం కూడా తీసుకోదు. అదే నది, అవే నీళ్ళు, అదే 50 హెర్ట్జ్, పై డ్యామ్ కరెంటు ఫ్రెండు, కింది డ్యామ్ కరెంటు శత్రువు. పెద్దమ్మ ఈ పాలసీని ఏ థింక్‌ట్యాంకునీ అడక్కుండా ఒక్క గ్లాసు కాఫీలో తేల్చేసింది.

నాలుగు రోజులు పోయినాక ఆమెకి కోపం తగ్గి, ట్రాన్సిట్ ఛార్జీ కింద నెలకి ఒక జాడీ ఊరగాయ అని బేరం కుదిరింది. ఇంక కొనేవాణ్ణి ఒప్పించడమే కదా అనుకుని సార్ దగ్గరికి పోతే ఆయన అప్పటికే పేపరూ స్కేలూ పెట్టుకుని కూర్చున్నాడు. కరెంటు కొని అమ్మే సంత, మన పవర్ ఎక్స్‌ఛేంజిలో రోజుని 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో రేటు కడతారు కదా, ఆయన కూడా 96 గళ్ళు గీసేశాడు. మధ్యాహ్నం ఒంటిగంట గడిలో సున్నా. "అదేంది సార్?" అన్నా. "దేశమంతా సోలార్ పోసేది ఆ టైములోనే కదప్పా, అప్పుడు రేటు నేల మీదుంటాది. రాత్రి ఏడుకి ఇస్తావా చెప్పు, పది రూపాయల సీలింగు రేటైనా ఇస్తా." రాత్రి ఏడుకి నా దగ్గర యాడుంది, సూర్యుడు డ్యూటీ దిగి పోయుంటాడు.

అంతటితో వదిలినా బాగుండు. జర్మనీ సంగతి ఎత్తుకున్నాడు. అక్కడ ఎండా గాలీ రెండూ జోరుగా ఉండి ఫ్యాక్టరీలు మూసిన ఆదివారం పూట హోల్‌సేల్ రేటు సున్నా కంటే కిందికి పోతాది, అమ్మేవాడే ఎదురు డబ్బులిచ్చి తీసకపొమ్మంటాడు, 2024లో అట్లాంటి గంటలు 457 అంట. "కాబట్టి ఆదివారం నాడు నీ కరెంటు నేను వాడినందుకు నువ్వే నాకియ్యాల" అన్నాడు, నవ్వకుండా. నలభై ఏళ్ళు పిల్లలకి రుణసంఖ్యలు చెప్పినోడి దగ్గరికి వ్యాపారానికి పోవడం నాదే తప్పు.

ఇంటికొస్తే ఇంకో ఉపద్రవం. ఏడింటికి పది రూపాయలు అన్న మాట మాత్రం మా ఆవిడ చెవిన పడింది. "అంటే బ్యాటరీ గీటరీ కొని దాచిపెట్టి ఆ సార్‌కి అమ్ముతారా, అప్పుడు మన ఇంట్లో మిక్సీ తిప్పాలన్నా మీరు పది రూపాయలు లెక్కేస్తారా?" అని అడిగింది. నేను అప్పుడు నవ్వేశా గానీ నార్వే వాళ్ళు ఇదే ప్రశ్న దగ్గర ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. వాళ్ళకి కొండల్లో రిజర్వాయర్లు, నీళ్ళ కరెంటు, చవగ్గా బతికేవాళ్ళు. సముద్రం అడుగున కేబుళ్ళేసి 2021లో జర్మనీకి 1,400 మెగావాట్లు, అదే ఏడు ఇంగ్లండుకి ఇంకో 1,400 కలిపినారు. తీగలో కరెంటు అటు పోయింది, రేటు ఇటు వచ్చింది. దక్షిణ నార్వే జనం బిల్లులు చూసి గగ్గోలు పెట్టారు, 2025 జనవరి చివర్లో యూరప్ ఎనర్జీ రూల్స్ మాకొద్దని ఒక పార్టీ ప్రభుత్వంలోంచే బయటికి పోయింది. ఒక మిక్సీ ప్రశ్నకి ప్రభుత్వం చీలిపోయింది సామీ, నా సంసారం ఎంత.

అసలు నేను తోతాపురి మామిడి తెలిసిన జిల్లావాణ్ణయ్యుండీ ఇదంతా ముందే గ్రహించకపోవడం సిగ్గుచేటు. మా మామగారికి బంగారుపాళెం దగ్గర రెండెకరాల తోట. తోతాపురితో వచ్చిన చిక్కేమంటే, మన తోటలో కాసినప్పుడే ఊరందరి తోటల్లో కాస్తుంది. 2025లో అదే జరిగింది, పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందర ట్రాక్టర్లు బారులు, కాయ అడిగేవాడు లేడు, కిలోకి ఫ్యాక్టరీ 8 ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలు అని ప్రకటించాల్సొచ్చింది. అదే జూన్‌లో కర్ణాటక కాయ మన చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఆర్డరేస్తే అక్కడి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లెటర్ రాశారు. స్వీడన్ చేసింది కూడా ఇంతే, 2024 జూన్‌లో జర్మనీకి 700 మెగావాట్ల కేబులు వద్దు పొమ్మంది, వాళ్ళ మార్కెట్ గోల మా రేట్లకి అంటుకుంటుంది అని. స్టాక్‌హోమ్‌లో ఆ ఫైలు రాసినోళ్ళు ఒక్కసారి మన చెక్‌పోస్టు దగ్గరికొచ్చి టీ తాగుంటే వాళ్ళకి బోలెడు టైము మిగిలేది.

మా సందులో కూడా చూస్తుండగానే ఎదురింట్లో ప్యానళ్ళు, మూలింట్లో ప్యానళ్ళు. మధ్యాహ్నం అందరమూ ఎగుమతిదారులమే, ఏడింటికి అందరమూ దిగుమతిదారులమే. అంటే నాకు కావాల్సింది పక్కింటోడు కాదు, పక్క టైములో ఉన్నోడు. మా చిన్నాయన కొడుకు కువైట్‌లో ఉన్నాడు, మేం ఏడింటికి లైట్లేసుకుని ఫోన్ చేస్తే వాడికింకా నాలుగున్నర, ఎండాకాలమైతే బయట కాలు పెట్టలేనంత ఎండ. నాకు నాలుగున్నరైతే సింగపూర్‌లో ఏడు, అక్కడప్పుడే దీపాలు పెట్టే వేళ. అంటే కువైట్ ఎండ నాకు, నా ఎండ సింగపూర్‌కి! ఇంత గొప్ప ఐడియా నాకే వచ్చిందని రెండు రోజులు చొక్కా గుండీ పెట్టుకోకుండా తిరిగా, తర్వాత తెలిసింది ప్రధాని మోదీ 2018లోనే ఒకే సూర్యుడు ఒకే ప్రపంచం ఒకే గ్రిడ్ (దేశాలన్నిటికీ కలిపి ఒకే కరెంటు తీగల వల) అనేశారని, 2021లో గ్లాస్గోలో దాన్ని లాంఛనంగా మొదలు కూడా పెట్టేశారని. సూర్యుడు ఒక్కడే అన్న మాట వరకు ఏ దేశానికీ అభ్యంతరం లేదు. పేచీ అంతా మిగతా రెంటి దగ్గరే, దారిలో ఎంతమంది పెద్దమ్మలు, ఎన్ని పాత చీటీ గొడవలు. మన దేశంలో మనకే, దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే తాళంలో కలిసింది 2013 డిసెంబర్ 31న, అదీ రాయచూరు–షోలాపూర్ లైను వేశాక.

తీగ ఆశ పూర్తిగా వదిలేశాక ఐస్‌లాండ్ దారి చూపించింది. సముద్రం నడుమ దేశం, బయటికి ఒక్క కరెంటు తీగా లేదు. ఏం చేశారు? ఓడల్లో అల్యూమినా, అదే అల్యూమినియం తీసే పొడి, తెప్పించుకుని, ఉన్న కరెంటులో సగానికి పైన దానికే పోసి, అల్యూమినియం చేసి పంపుతున్నారు. కరెంటుని దిమ్మ కట్టి అమ్మడమన్నమాట. భూటాన్ వాళ్ళైతే నీళ్ళ కరెంటుతో బిట్‌కాయిన్ తవ్వుతున్నారు. నాకు అంత దూరం అక్కర్లేదు, మా ఇంట్లో రెండు లీటర్ల గ్రైండర్ ఉంది.

అట్లా మొదలైంది ఇడ్లీపిండి ఎగుమతి. పెద్దమ్మా సారూ పొద్దున్నే మినప్పప్పూ బియ్యమూ నానబెట్టి గిన్నెలు మా గడప మీద పెట్టాల, నేను పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య మా సొంత ఎండతో రుబ్బి ఇయ్యాల. వైరు లేదు, కేసు లేదు, గోడ ఎక్కే పని లేదు, పైగా పిండి ఏడింటిదాకా ఆగుతుంది, ఏ బ్యాటరీకీ చేతకాని విధంగా పులిసి ఇంకొంచెం పెరుగుతుంది కూడా. గ్రైండర్ తాగేది 150 వాట్లే కాబట్టి నా మిగులులో ఇది ఏ మూలకీ రాదని సార్ లెక్కేసి చూపించాడు గానీ ఎగుమతి అంటే ఎగుమతే. సార్ వాటా పిండి పెద్దమ్మ ఇంటి మీదుగానే పోవాలి, పోయేటప్పుడు రెండు గరిటెలు తగ్గుతుంది. ట్రాన్సిట్ లాస్ అని రాసుకున్నా.

రెండు వారాలు బాగా నడిచింది. ఆ తర్వాత ఒక రోజు మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ, గ్రైండర్‌లో పప్పు సగం నలిగింది, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీదికి ఉడత ఎక్కి టప్పుమంది. సందంతా కరెంటు పోయింది. పోతే పోయింది, నాది సొంత ఎండ కదా అని కాలర్ సవరించుకునే లోపల మా ఇన్వర్టర్ కూడా ఆగిపోయింది. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సెట్టు అంతే, బయట లైన్లో కరెంటు లేకపోతే ఇదీ ఇయ్యదు, లేకుంటే స్తంభం ఎక్కిన లైన్‌మేన్‌కి మన మిద్దె మీది కరెంటు కొడుతుంది. మంచి రూలే. కానీ నెత్తి మీద 3 కిలోవాట్లు మండతా ఉంటే కింద ఎగుమతిదారుడు విసనకర్రతో కూర్చోవడం ఎట్లుంటుందో ఏ రిపోర్టూ రాయలేదు.

ఎండకి పప్పు చెడిపోతుందని గిన్నె ఎత్తుకుని నడిమింటికి పోయా. పెద్దమ్మ పెరట్లో రాతి రోలుంది, వాళ్ళత్త కాలం నాటిది. నాకంటే ముందే సార్ అక్కడ పంచె ఎగ్గట్టి నిలబడున్నాడు, ఆయన పిండి కదా. ఇద్దరం చెరో పది నిమిషాలు పొత్రం తిప్పినాం, చేతులు లేస్తే ఒట్టు.

పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని చూస్తా ఉంది. కాసేపాగి అడిగింది: "అదేమో గాని నాయనా, మా రోలు వాడుకుంటాండారు గదా, దీనికి యూనిట్ ఎంత?"

సార్ జేబులోంచి 96 గళ్ళ పేపర్ తీసి, ఒంటిగంట గడిలో ఉన్న సున్నా కొట్టేసి, పది రూపాయలు అని రాశాడు.