లంగరు వేశాం కదా, ఇక పడుకుందాం అనే మాట మానండి

చిన్న పడవలో సముద్రం మీదికి వెళ్లి, ఒక చోట లంగరు వేసుకుని, తెల్లవార్లూ గాలాలు వేసి చేపలు పట్టడమంటే నాకు ప్రాణం. అందుకే ఈ పోస్ట్ కాస్త కోపంగానే ఉంటుంది. ఈమధ్య రాత్రి వేట మీద వస్తున్న వీడియోలు చూస్తుంటే టెన్షన్ పెరుగుతోంది. సాయంత్రం లంగరు పడేస్తారు. నాలుగు రాడ్లు గొట్టాల్లో నిలబెట్టి వాటి కొసలకి చిన్న గంటలు కట్టేస్తారు. "చేప తగిలితే గంట మోగుతుంది, అప్పటిదాకా రెస్ట్" అని పడవలో ఉన్నవాళ్లంతా నడుం వాలుస్తారు. తర్వాతి సీన్‌లో సూర్యోదయం, చేతుల్లో పెద్ద చేప. లంగరు ఎలా వేశారో, ఎంత తాడు వదిలారో, రాత్రి ఎవరు మేలుకున్నారో ఎక్కడా చూపించరు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పద్ధతి ఇదే కాబోలు అనుకుంటారు.

నేను చెప్పేది ఒక్కటే. లంగరు వేసిన పడవలో రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. వంతులు వేసుకోండి, ఏమైనా చేయండి, కానీ అందరూ ఒకేసారి నిద్రపోకూడదు. ప్రాణం కోసం వేటని వదులుకోమని నేను అనడం లేదు. మేలుకున్నవాళ్లకే చేపలు కూడా ఎక్కువ పడతాయి. ఎందుకో కింద చెప్తాను.

ముందు లంగరు సంగతి. బరువైన ఇనుముని నీళ్లలో పడేస్తే పడవ కదలదని చాలామంది నమ్మకం. లంగరు పట్టు దాని బరువు కన్నా ఎక్కువగా, తాడు దాన్ని ఏ కోణంలో లాగుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. నేలకి దాదాపు సమాంతరంగా లాగితే దాని మొనలు ఇసుకలోకో బురదలోకో ఇంకా దిగుతాయి. నిట్టనిలువుగా లాగితే ఊడి వస్తాయి. అందుకే లంగరుకి ముందు కొంత గొలుసు, ఆ తర్వాత తాడు కడతారు. గొలుసు బరువుకి ఆ కొస నేలని అంటిపెట్టుకుని ఉంటుంది. ఇక తాడు లోతుకి కనీసం 5 రెట్లు, రాత్రంతా ఉండేట్టయితే 7 రెట్లు వదలాలన్నది అనుభవం ఉన్నవాళ్లు పాటించే లెక్క. ఈ లోతు లెక్కలో కూడా తప్పు చేస్తారు. లోతు చూపే మీటరు 20 మీటర్లు చూపిస్తోందనుకోండి. పడవ ముందుభాగం నీటికి 1 మీటరు ఎత్తులో ఉంది. రాత్రి పోటుకి నీళ్లు మరో 3 మీటర్లు పెరుగుతాయి. అంటే 24 మీటర్ల మీద లెక్క కట్టాలి. 5 రెట్లంటే 120 మీటర్లు, 7 రెట్లంటే 168. యాభై మీటర్ల తాడు చుట్ట ఒకటి పడేసుకుని ఇలాంటి చోటికి రాత్రి వేటకి బయల్దేరేవాళ్లని నేను కళ్లారా చూశాను. సాయంత్రం వేసినప్పుడు ఆ లంగరు పట్టినట్టే ఉంటుంది. పోటు ఎక్కేకొద్దీ తాడు నిటారుగా అయిపోతుంది, అర్ధరాత్రి దాటాక లంగరు ఈడ్చుకుపోవడం మొదలవుతుంది. అప్పటికి అందరూ నిద్రలో ఉంటారు.

ఇంకో ఘోరం ఉంది. తాడుని పడవ వెనక భాగానికి కట్టడం. వెనక గోడ తక్కువ ఎత్తు, దాని మీద ఇంజిన్ బరువు, పైగా అక్కడే మనుషులు కూర్చుంటారు. లంగరు అటునుంచి కిందికి లాగుతుంటే, వచ్చే అల ఎక్కడానికి దారి ఇచ్చినట్టే. రెండు మూడు అలలు లోపలికొస్తే చిన్న పడవ నిండిపోతుంది. గాలాలు వేయడానికి చోటు బాగుంటుందని ఇలా కట్టే మనిషి ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, ఆయన పడవ ఎక్కకండి.

లంగరు పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది? తాడు మీద చెయ్యి పెట్టండి. పట్టిన లంగరు తాడు బిగుసుకుని నిలకడగా ఉంటుంది. ఈడ్చుకుపోతున్న తాడు గడగడ వణుకుతుంది, ఉన్నట్టుండి వదులవుతుంది, మళ్లీ గుంజుతుంది. ఒడ్డున దీపాలు కనిపిస్తుంటే ఒకదాని వెనక ఒకటి ఒకే వరసలో ఉన్న రెండింటిని గుర్తు పెట్టుకోండి. ఆ వరస తప్పి, మళ్లీ కలవకపోతే పడవ జరుగుతున్నట్టే. పడవ ఒక వృత్తం దాటితే మోగేలా జీపీఎస్‌లో అలారం పెట్టానుగా అంటారు కొందరు. మంచిదే, పెట్టండి. కానీ ఆ వృత్తం కేంద్రం లంగరు పడ్డ చోట ఉండాలి, పడవ ఉన్న చోట కాదు. 168 మీటర్ల తాడు వదిలితే పోటు తిరిగాక పడవ ఆ చివర నుంచి ఈ చివరకి సుమారు 330 మీటర్లు జరగడం మామూలే. పడవ ఉన్న చోటే కేంద్రంగా పెట్టినవాళ్లకి అలారం ఊరికే మోగుతుంది, విసుగొచ్చి ఆపేస్తారు. నిజంగా లంగరు ఊడినప్పుడు చెప్పేవాళ్లు ఉండరు.

ఇప్పుడు పోటు గురించి. వేటకీ పడవ క్షేమానికీ మేలుకోవడమొక్కటే మార్గమని నేను నమ్మడానికి కారణం ఇదే. చాలా తీరాల్లో పోటుకీ (నీళ్లు పెరగడం) పాటుకీ (తగ్గడం) మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు పడుతుంది. అంటే ఒక్క రాత్రిలో కనీసం ఒకసారైనా నీళ్లు దిశ మార్చుకుంటాయి. లంగరు వేసిన పడవకి ఉన్న పెద్ద బలం ప్రవాహమే. ఎర సంచి నీళ్లలో వేలాడదీస్తే దాని వాసన ప్రవాహంతో పాటు ఒక దారిలా పడవ వెనక్కి సాగుతుంది. చేప ఆ వాసన పట్టుకుని ఎదురు ఈదుకుంటూ నేరుగా మీ గాలాల దగ్గరికి వస్తుంది. కొట్టుకుపోతున్న పడవకి ఈ సౌకర్యం లేదు. నీళ్లు నిలిచిపోయే వేళ ఆ దారి చెదిరిపోతుంది, చేపలు తినడం ఆపేస్తాయి, రాడ్ల గంటలు మోగవు. సరిగ్గా అప్పుడే అందరూ "చేప లేదు" అని పడుకుంటారు. ఆ తర్వాత నీళ్లు రెండో వైపు కదలడం మొదలుపెట్టాక వచ్చే గంటసేపు, రాత్రి మొత్తంలో మంచి వేట సమయంగా నేను చూస్తూ వచ్చాను. బరువులు మార్చి, ఎర కొత్తది కట్టి, సంచి కదిపినవాళ్లకి ఆ గంట దక్కుతుంది.

పడవకి ప్రమాదం కూడా ఆ గంటలోనే. ప్రవాహం తిరగ్గానే పడవ తిరుగుతుంది. ఇంతవరకూ ఒకవైపు లాగిన తాడు ఇప్పుడు దానికి ఎదురువైపు లాగుతుంది. లంగరు ఊడి మళ్లీ నాటుకోవాలి. ఒక్కోసారి తాడో గొలుసో లంగరుకే చుట్టుకుని, అది మళ్లీ నాటుకోదు. గాలి ఒకవైపు, నీళ్లు ఇంకోవైపు అయితే ఇంకా చెడ్డది. అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, పడవ అడ్డం తిరుగుతుంది, దారాలన్నీ లంగరు తాడుకి చుట్టుకుంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ప్రవాహం జోరు ఎక్కువ కాబట్టి ఇదంతా మరింత గట్టిగా జరుగుతుంది. పోటు మారే టైమ్ ముందే తెలుసు, పట్టికల్లో ఉంటుంది. ఆ టైమ్‌కి అందరినీ లేపి కూర్చోబెట్టడం ఎందుకంత కష్టం?

దీపాల గురించి నా కోపం ఇంకా ఎక్కువ. ఒకసారి నేను ఎక్కిన పడవ యజమాని బ్యాటరీ అయిపోతుందని లంగరు దీపం ఆర్పేశాడు. అడిగితే "మన పడవ 7 మీటర్ల లోపే, దీపం అక్కర్లేదు" అన్నాడు. ఆయన సగం రూలే చదివాడు. 1972 అంతర్జాతీయ నౌకా నిబంధనల్లో 30వ నిబంధన ప్రకారం 7 మీటర్ల లోపు పడవకి మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ ఇరుకు కాలువల్లో, ఓడల దారుల్లో, ఓడలు లంగరు వేసే చోట, వాటి దగ్గర్లో, మామూలుగా వేరే పడవలు తిరిగే ఏ చోటైనా ఆ మినహాయింపు వర్తించదు. చేపలున్న చోటికి వేరే పడవలు రాకుండా ఎక్కడుంటాయి? అన్ని వైపుల నుంచీ కనిపించే ఒక్క తెల్ల దీపం, అంతే అడుగుతున్నారు. ఇప్పటి ఎల్‌ఈడీలు రాత్రంతా వెలిగినా బ్యాటరీని పెద్దగా తినవు.

దీనికి సరిగ్గా ఎదురు కొందరు పడవ చుట్టూ ఫ్లడ్‌లైట్లు బిగిస్తారు. వెలుగుకి సముద్ర జీవుల్లో పెద్ద గొలుసే కదులుతుంది, ఒప్పుకుంటాను. రాత్రి పైకి తేలే సూక్ష్మజీవులు అక్కడ చేరతాయి, వాటి కోసం చిన్న చేపలు, స్క్విడ్‌లు వస్తాయి, పెద్ద చేపలు వెలుగు అంచున నీడలో కాచుకుంటాయి. ఆ దీపాన్ని నీటి వైపు దించి పెట్టండి, ఎవరొద్దన్నారు? కళ్లలో పడేలా పెడితేనే గొడవ. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్ల వెలుగుతో అదంతా పోతుంది. పడవలో పని చేసుకోవడానికి మసక ఎర్ర దీపం చాలు. ఫ్లడ్‌లైట్ కింద కూర్చున్న మనిషికి అవతల ఏ ఓడ వస్తోందో కనబడదు.

ఆ ఓడ సంగతి లెక్కేసి చూడండి. 20 నాట్ల (గంటకి సుమారు 37 కిలోమీటర్ల) వేగంతో వచ్చే ఓడ ఒక నాటికల్ మైలు (సుమారు 1.85 కిలోమీటర్లు) దూరాన్ని 3 నిమిషాల్లో దాటుతుంది. 12 మీటర్ల లోపు పడవ మీది తెల్ల దీపం కనీసం 2 మైళ్ల దూరం కనిపించాలన్నది నిబంధన. అంటే వాళ్లు మిమ్మల్ని చూసినా చేతిలో ఉన్నది 6 నిమిషాలు. ఫైబర్ పడవ రాడార్‌లో సరిగా కనిపించదు. పైగా పెద్ద ఓడ ముక్కు ముందు కొంత నీటి భాగం ఓడ నడిపే గది (బ్రిడ్జి) నుంచి అసలు కనిపించదు, అది 500 మీటర్ల దాకా ఉండటానికి నిబంధనలే అనుమతిస్తాయి. తప్పుకోవాల్సింది మీరే అనుకుని కూర్చోండి. ఒక ఓడ ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం రెండూ ఒకేసారి కనిపిస్తూ, వాటి పైన రెండు తెల్ల దీపాలు ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉంటే అది నేరుగా మీ మీదికే వస్తోంది. అప్పుడు లంగరు పైకి లాగే టైమ్ ఉండదు. అందుకే తాడు చివర ఒక తేలే బుంగ కట్టి, ఒక్క లాగుతో వదిలేలా పెట్టుకోవాలి. తాడు వదిలేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి తప్పుకుని, తర్వాత వచ్చి ఆ బుంగ పట్టుకోవచ్చు. ఇదంతా మెలకువగా ఉన్నవాడు చేయగలడు. గాఢనిద్రలోంచి లేచినవాడికి తను ఎక్కడున్నాడో అర్థం కావడానికే ఒక నిమిషం పోతుంది.

మనిషి నీళ్లలో పడితే? ఒంటికి వెళ్లడానికి అర్ధరాత్రి పడవ అంచున ఒంటరిగా నిలబడేవాళ్లున్నారు. బకెట్ వాడండి, ఇందులో సిగ్గేమీ లేదు. 2 నాట్ల ప్రవాహంలో పడ్డ మనిషి నిమిషంలో 60 మీటర్లు దూరమైపోతాడు. పడవేమో తాడుతో కట్టేసి ఉంది, వెంటపడలేదు. మామూలు ఈతగాడు ఆ నీటికి ఎదురు ఈది రావడం దాదాపు అసాధ్యం. చల్లటి నీళ్లయితే పడ్డ మొదటి నిమిషం ఊపిరే అదుపులో ఉండదు. రాత్రంతా లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, దానికి దీపం, విజిల్ ఉండాలి. పడవ వెనక ఒక తేలే తాడుని బుంగ కట్టి వదలాలి. వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవల మధ్య మాట్లాడుకునే రేడియో) ఆపదలో పిలిచే 16వ ఛానెల్ మీద ఉండాలి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకూడదు. ఇవన్నీ ఉన్నా, పడిన చప్పుడు వినే మనిషి ఒకడు మెలకువగా లేకపోతే ఏ ప్రయోజనమూ లేదు.

"అలవాటే, మాకు నిద్ర రాదు" అనేవాళ్లకి ఒక మాట. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగా పడిపోయింది. ఉదయం 6కి లేచినవాళ్లకి రాత్రి 11కే 17 గంటలు పూర్తవుతాయి. అసలు రాత్రి అప్పుడే మొదలవుతుంది. కాబట్టి మధ్యాహ్నం తప్పకుండా నిద్రపోయి రండి. పడవలో రెండేసి గంటల వంతులు వేసుకోండి, తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య వంతు బాగా నిద్రపోయి లేచినవాళ్లకి ఇవ్వండి. చలికి క్యాబిన్ తలుపులు మూసేసి లోపల స్టవ్ వెలిగించకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, పడుకున్నవాళ్లు ఇక లేవరు.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి నా మాట నచ్చదని తెలుసు. సముద్రం మీద ఒక్కరే ఉండటంలోని సుఖం నాకూ తెలుసు. కానీ అదే నౌకా నిబంధనల్లో 5వది చూడండి. కంటితో, చెవితో కాపలా "అన్ని వేళలా" ఉండాలంటుంది, లంగరు వేసిన పడవకి కూడా ఇందులో మినహాయింపు లేదు. ఒక్క మనిషి వల్ల తెల్లవార్లూ అది కాదు. ఒంటరిగా వెళ్లాలనిపిస్తే పగలు వెళ్లండి, లేదా ఓడలు తిరగని చోట సాయంత్రం కొన్ని గంటలు వేటాడి అర్ధరాత్రికి ముందే తిరిగి రండి. తెల్లవార్లూ ఉండాలంటే తోడు వెతుక్కోండి. ఆ వచ్చేవాళ్లకి గాలం వేయడం రాకపోయినా ఫర్వాలేదు, రెండు గంటలు కళ్లు తెరుచుకుని కూర్చుని, అవసరమైతే మిమ్మల్ని లేపగలిగితే చాలు.