పూలు, పులి, నా నాలుగు వెంట్రుకలు

ఉత్తర లండన్లో పామర్స్ గ్రీన్ అని ఓ పేట ఉంది. సైప్రస్ నుంచి వచ్చిన గ్రీకులు అక్కడ ఎంతమంది అంటే, జనం సరదాగా పామర్స్ గ్రీక్ అంటారు. నా క్షవరం అక్కడే. నెలకోసారి వెళ్తే చాలు. నెత్తిన పెరగడానికి పెద్దగా ఏం మిగల్లేదు.

షాపు అక్కాతమ్ముళ్లది. తమ్ముడి ఇంటిపేరు పపదోపులోస్, అంటే పూజారిగారబ్బాయి. గ్రీకుల్లో ఇంతకంటే ఎక్కువగా వినిపించే ఇంటిపేరు లేదు. 1967లో గ్రీసును చేజిక్కించుకున్న సైనిక నియంతా పూజారిగారబ్బాయే. మగవాళ్లు జుట్టు పెంచకూడదని హుకుం వేసిన సర్కారు ఆయనది. 2003లో సైప్రస్ అధ్యక్షుడైన టాసోస్‌దీ అదే ఇంటిపేరు. "రెండో ఆయన మావాడు. మొదటివాడి ఊసెత్తకండి" అంటాడు మావాడు, కత్తెర ఆపి మరీ. "పోనీలెండి, మీ వృత్తికి మేలు చేశాడుగా" అన్నాను ఓసారి. ఆ నెల చెవి పక్కన కాస్త ఎక్కువ తెగింది. జుట్టే లెండి.

అదలా ఉంచండి. ఆ వీధి చివర గ్రీకు కొట్లో నేను బిస్కట్లు కొంటుంటాను. 1922 నాటి కంపెనీ. ప్యాకెట్ మీద పపదోపూలు అని ఉంటుంది. లోపల బిస్కట్లు బోలెడు ఉన్నాయి కాబట్టి అది బహువచనమని నా తెలుగు బుర్ర తేల్చేసింది. పువ్వు, పూలు. ఇంకేం కావాలి?

పోయిన నెల షాపుకి ఫోన్ చేస్తే ఎవరో కొత్తమ్మాయి ఎత్తింది. "పపదోపులోస్ దగ్గరా, పపదోపూలు దగ్గరా?" అంది. ఇద్దరిలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు చేస్తారు కదా అని, "పూలే రాసుకో అమ్మా" అన్నాను.

శనివారం వెళ్తే అక్కగారు పిలిచింది. చీటీ చూసింది, నన్ను చూసింది, మళ్లీ చీటీ చూసింది. గులాబీ రంగు గుడ్డ మెడకు చుట్టి, నన్ను వెనక్కి వాల్చి, గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు షాంపూ పట్టించింది. మా అమ్మ తర్వాత నా తలకి అంత సేవ ఎవరూ చేయలేదు. అందుకే నోరు మెదపలేదు. తర్వాత గుండ్రటి దువ్వెనతో ఉన్న నాలుగు వెంట్రుకల్నీ ఒక్కొక్కటే పైకెత్తి డ్రయ్యర్ పెట్టింది. పక్క కుర్చీలో పెద్దావిడ పత్రిక చాటున నవ్వుకుంటోంది. అద్దంలో చూసుకుంటే నా తల తాలింపులో పొంగిన వడియంలా ఉంది.

బిల్లు 42 పౌండ్లు! తమ్ముడి దగ్గరైతే 15.

ఆయన నా తల చూసి నవ్వాపుకుంటూ పాఠం చెప్పాడు. వాళ్లలో ఆడవాళ్ల ఇంటిపేరు షష్ఠీ విభక్తిలో ఉంటుందట. పపదోపూలు అంటే "పపదోపులోస్ యొక్క". బిస్కట్లూ అంతే, పపదోపులోస్ యొక్క బిస్కట్లు. చిన్నప్పుడు కి, కు, యొక్క, లో, లోపల అని బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న విభక్తి, ముప్పై ఏళ్ల తర్వాత లండన్లో 27 పౌండ్లు అదనంగా కట్టించింది.

"మరి మీ ఇంటిల్లిపాదినీ కలిపి ఏమంటారు?" అన్నాను, డబ్బులు లెక్కపెడుతూ.

"పపదోపులి."

మా భాషలో పులి ఒక్కటేనని, ఆ ఒక్కటే ఎక్కువని చెబుదామనుకున్నాను. కానీ ఆయన చేతిలో కత్తెర ఉంది.