తారు కింద నీరు

జోజీలా కనుమ ఎప్పుడు తెరుచుకుంటుందా అని లద్దాఖ్ ఏటా ఎదురుచూస్తుంది. 11,500 అడుగులకు పైగా ఎత్తున ఉన్న ఆ కనుమ మీదుగా సాగే శ్రీనగర్–లేహ్ రహదారి ఒకప్పుడు చలికాలంలో అయిదారు నెలలు మూతపడేది. 2022లో ఆ గడువు 73 రోజులకు తగ్గింది. 2023లో 68, 2024లో 35, 2025లో 32 రోజులకే దారి తెరిచారు. హిమపాతాలు విరుచుకుపడే లోయల్లో నిలబడి మంచును తొలగిస్తున్న సరిహద్దు రోడ్ల సంస్థ సిబ్బందికి దేశం రుణపడి ఉంది. ఒక్క వారం ముందు లారీలు కదిలినా కార్గిల్, లేహ్ కుటుంబాలకు కూరగాయల దగ్గరనుంచి మందుల దాకా ఎంతో ఊరట. అయితే మార్చి, ఏప్రిల్ నెలల్లో అలా తెరుచుకునే రోడ్డు ఏడాది మొత్తంలో అత్యంత బలహీనంగా ఉండేదీ ఆ వారాల్లోనే. ఈ విషయానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదు.

చలి ప్రాంతాల్లో తారు బీటలు వారితే తారునో, వేసినవారినో తప్పుపడతాం. దోషం చాలావరకు కింద ఉంటుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందని బడిలో చదువుకున్నాం. రోడ్లు పైకి లేవడానికి అదొక్కటే కారణమైతే సమస్య ఇంత తీవ్రంగా ఉండేది కాదు. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1929, 1930లలో ప్రచురించిన ప్రయోగాల్లో నీటికి బదులు బెంజీన్‌తో తడిపిన మట్టిని గడ్డకట్టించి చూశారు. బెంజీన్ గడ్డకడితే కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది. పైనుంచి చలి దిగుతుంటే, ప్రమిదలో వత్తి నూనెను లాక్కున్నట్టుగా, గడ్డకడుతున్న పొర కింది తేమను పైకి లాగుతుంది. అక్కడ మంచు పలకలు పలకలుగా పేరుకుని రోడ్డును ఎత్తేస్తుంది. నీరు అందుతున్నంత కాలం ఆ పలకలు మందమవుతూనే ఉంటాయి.

దీనికి మూడు కలిసిరావాలి: చలి, నీరు, నీటిని పైకి లాగగల మెత్తని మట్టి. ఇసుకకు నీటిని అంత ఎత్తుకు లాగే శక్తి ఉండదు. జిగట మట్టికి ఆ శక్తి ఉన్నా, నీరు దానిలో చాలా నెమ్మదిగా కదులుతుంది. ఈ రెంటికీ మధ్యనుండే సన్నని ఒండ్రు అన్నిటికంటే ప్రమాదకరం. మట్టిలో 0.02 మిల్లీమీటర్ల కంటే సన్నని రేణువులు 3 శాతం దాటితే చాలు, జాగ్రత్త పడాలని నేల ఇంజినీరింగ్ నిపుణుడు ఆర్థర్ కాసాగ్రాండ్ 1930ల తొలినాళ్లలోనే హెచ్చరించారు. మూడంటే మూడు శాతం! అదే శ్రీనగర్–లేహ్ దారిలో లామాయూరు దగ్గర ఒకనాటి సరస్సు అడుగున పేరుకున్న మెత్తని ఒండ్రు కొండలు కొండలుగా నిలిచి ఉంది. పర్యాటకులు దాని అందానికి మురిసిపోతారు. రోడ్డు వేసే ఇంజినీరుకు మాత్రం అలాంటి మట్టి కనిపిస్తే గుండె జారాలి.

లేహ్‌లో ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది కదా, నీరెక్కడిదని అడగవచ్చు. కొండల మీద కరిగే మంచు నుంచి, పొలాలకు పారే కాలువల నుంచి, రోడ్డును కోసుకుంటూ పోయే నాలాల నుంచి వస్తుంది. మనాలి–లేహ్ దారిలో ఉదయం సన్నగా పారే నాలా మధ్యాహ్నానికి ఉరకలెత్తుతుంది. పగటి ఎండకు కరిగిన నీరు బీటల్లోకి దిగి రాత్రికి గడ్డకడుతుంది. మర్నాడు మళ్లీ అదే. ఎడతెగని చలి కంటే ఈ రోజువారీ కరుగుడు, గడ్డకట్టుడు తారును ఎక్కువగా నలుపుతుంది.

మంచు పలకలు రోడ్డును ఎత్తడం సగం నష్టమే. మిగతా సగం వసంతంలో జరుగుతుంది. కరగడం పైనుంచి మొదలవుతుంది. కింది పొర ఇంకా రాయిలా గడ్డకట్టి ఉండడంతో కరిగిన నీటికి పోయే దారి ఉండదు. తారుకూ ఆ గడ్డకూ మధ్య కంకర, మట్టి బురదలో తేలుతుంటాయి. అప్పుడొక బరువైన లారీ వెళితే రోడ్డు లోపలినుంచి చితికిపోతుంది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటిపై రెండేళ్లపాటు లారీలు తిప్పి చేసిన ప్రసిద్ధ పరీక్షలో తారు రోడ్లు ఎక్కువగా దెబ్బతిన్నది వసంతంలోనే. ఇరుసు మీద బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లవుతుందన్న లెక్క కూడా ఆ పరీక్ష నుంచే వచ్చింది. ఈ రెండు అంశాలనూ కలిపి చూస్తే, కరిగే కాలంలో అధిక బరువుతో వెళ్లే కొద్ది లారీలే రోడ్డుకు ఎంత చేటు చేయగలవో తెలుస్తుంది.

అమెరికాలోని మిన్నెసోటా ఈ తర్కాన్ని చట్టంలో పెట్టింది. నేల కరిగే వారాల్లో అనేక రోడ్లపై ఇరుసు బరువును తగ్గిస్తారు. నేల గట్టిగా గడ్డకట్టిన చలికాలంలో మామూలు పరిమితి కంటే 10 శాతం ఎక్కువ బరువుకు అనుమతిస్తారు. తేదీలను ఉష్ణోగ్రతల లెక్క చూసి నిర్ణయిస్తారు. మన ఉత్తర సరిహద్దుకూ ఈ ఆలోచన పనికొస్తుందని మేము నమ్ముతున్నాం. ఇంతకాలం దానికి వీలు లేకపోయింది. గడ్డకట్టిన నెలల్లో కనుమలే మూసి ఉండేవి, తెరిచిన రోజునుంచే ఖాళీ అయిన గోదాములు నింపక తప్పేది కాదు. ఇప్పుడు పరిస్థితి మారుతోంది. శ్రీనగర్–లేహ్ దారిలోనే ఉన్న సోనామార్గ్ సొరంగం 2025 జనవరిలో ప్రారంభమైంది. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ తవ్వుతున్న 13 కిలోమీటర్లకు పైగా పొడవైన జోజీలా సొరంగం పూర్తయితే ఏడాది పొడవునా రాకపోకలు సాధ్యమవుతాయి. సిమెంటు, ఇంధనం, యంత్రాల వంటి బరువైన సరుకును డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు గట్టి నేల మీద తరలించి, కరిగే వారాల్లో బరువు తగ్గించవచ్చు. సైన్యం అత్యవసరాలకు మినహాయింపు ఉండాలి, మందులకు, నిత్యావసరాలకు ఆటంకం ఉండకూడదు. వాటికోసం తేలికపాటి వాహనాలు నడపడం అసాధ్యమేమీ కాదు.

అలా చేయకుండా సొరంగాలు తెరిస్తే ప్రమాదం పెరుగుతుంది. ఇన్నాళ్లూ మంచే ఆ రోడ్లకు బలవంతపు విశ్రాంతి ఇచ్చింది. ఆ విశ్రాంతి పోయాక కరిగే కాలమంతా లారీల వరుస వాటిమీదే నడుస్తుంది. వేల కోట్ల సొరంగానికి అటూ ఇటూ గుంతల దారి మిగిలితే ఆ ఖర్చుకు పూర్తి ఫలం దక్కదు.

రోడ్డు నిర్మాణంలోనూ మార్పు రావాలి. దీనికి అవసరమైన జ్ఞానం మన దగ్గర లేక కాదు. మంచు తాకిడి ఉన్నచోట, నేల గట్టిగా ఉన్నా సరే, రోడ్డు పొరల మొత్తం మందం 450 మిల్లీమీటర్ల కంటే తగ్గించవద్దని, అడుగున నీరు చేరనివ్వవద్దని, రోడ్ల ప్రమాణాలు రూపొందించే భారత రోడ్డు కాంగ్రెస్ మార్గదర్శకాలు చాలా కాలంగా చెబుతున్నాయి. అడుగున మెత్తని మట్టి ఉంటే తీసేసి కంకర, ముతక ఇసుక నింపాలి. కొండవైపు లోతైన కాలువ తవ్వి, ఊటనీటిని రోడ్డు కిందికి రాకుండా కల్వర్టు దాకా మళ్లించాలి. తారు విషయానికొస్తే, చలికి పెళుసెక్కని మెత్తని రకం కావాలి. మన ప్రమాణాల్లో వీజీ-10 అనే మెత్తని తారు రకం ఉన్నది ఇందుకే. ఉత్తర అమెరికాలో పీజీ 58-34 అంటే సున్నాకు దిగువన 34 డిగ్రీల చలిని దృష్టిలో పెట్టుకున్న తారు. ద్రాస్ వంటి చోట్ల చలి అంత లోతుకూ దిగగలదు కాబట్టి, ఆయా ప్రాంతాల కనిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి తారును ఎంచుకునే పద్ధతి మనకూ రావాలి.

వీటన్నిటిలో కాలువే ముఖ్యం. ప్రగతి నివేదికల్లో కనిపించేది ఎన్ని కిలోమీటర్ల తారు వేశామన్న లెక్క. పక్క కాలువలో పూడిక తీశారా, కల్వర్టు నోరు తెరిచి ఉందా అన్నవాటికి అక్కడ చోటు దొరకదు. కానీ రోడ్డు బతికేది వాటివల్లే. మే నుంచి అక్టోబరు దాకా ఉండే కొద్దిపాటి పని కాలంలో, గాలిలో ప్రాణవాయువు చాలని ఎత్తుల్లో, ఝార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతం నుంచి వచ్చిన కార్మికులు ఆ రోడ్లను వేస్తున్నారు. నిరుడు వేసిన చోటే ఈ ఏడాదీ గుంత పూడ్చవలసి వస్తే అది ప్రజాధనంతో పాటు వారి శ్రమనూ వృథా చేయడమే.

జోజీలా సొరంగం ప్రారంభమయ్యే లోపు కేంద్ర రహదారుల, రక్షణ శాఖలు నాలుగు పనులు చేయాలి. సొరంగాలకు చేరే దారుల అడుగు మట్టిని పరీక్షించి ఒండ్రు ఉన్న చోట్లను గుర్తించాలి. అక్కడ రోడ్డు లోపల వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రతను కొలిచే పరికరాలు అమర్చాలి. ఆ కొలతల ఆధారంగా కరిగే కాలపు బరువు పరిమితిని ముందుగానే ప్రకటించి, సోనామార్గ్‌లోనూ కార్గిల్‌లోనూ తూకం వేసే కేంద్రాలు పెట్టి అమలుచేయాలి. కొత్త టెండర్లలో కాలువల పనిని చివరికి నెట్టకుండా, అది పూర్తయ్యాకే తారుకు అనుమతి ఇవ్వాలి.